కదిలించకూడదని

ఒంటి గంటకు బన్నులు ఓవెన్‌లో పెట్టాను. రెండింటికి వాళ్లు వస్తారు. ఈ గంటలోపల ఒక అబద్ధాన్ని నా నోటికి అలవాటు చేయాలి. అదేమంత పెద్ద అబద్ధం కూడా కాదు, ఈ జూలైలో సరస్సు దగ్గరి ఇల్లు ఖాళీ లేదు, మా అక్క కొడుకు రైమో పెళ్లాం పిల్లలతో నెలంతా అక్కడే ఉంటానన్నాడు, కాదనలేకపోయాను, అంతే, రెండు ముక్కలు, కానీ పొద్దుటి నుంచి అద్దం ముందు నిలబడి చెప్పుకుంటుంటే రెండో ముక్క దగ్గర నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోతోంది. పాపం రైమో. వాడికి దోమలంటే ప్రాణభయం, ఆ గడప తొక్కి పదేళ్లయింది, వాడి పేరు వాడుకుంటున్నానని తెలిస్తే నవ్వుతాడు. ఓర్వోకి అని మా స్నేహితురాలు ఉంది, ఆవిడ నవ్వదు. ముప్పై ఒక్క ఏళ్లు నాలుగు వందల మంది పిల్లలకు వండి పెట్టిన బడి వంటగదికి ఆవిడ పెద్ద, ఎవరు ఉప్పు వేయడం మరిచిపోయి వేశానని బొంకుతున్నారో గరిటె ముట్టుకోకుండానే చెప్పేది. నేను, మైరె, తెర్తు ఆవిడ కింద పనిచేశాం, నలుగురం ఒక ఏడాది తేడాతో రిటైరయ్యాం, అప్పటి నుంచి ప్రతి మే నెల మొదటి శనివారం నా బల్ల చుట్టూ కూర్చుని బేకింగ్ కాగితం పరిచి జూలైలో సరస్సు దగ్గర గడిపే వారానికి ఎవరేం తేవాలో రాసుకుంటాం. ఇదిగో కాగితం పరిచాను. నాలుగు కప్పులు పెట్టాను. మూడు పెట్టి, తీసి, మళ్లీ నాలుగు పెట్టాను.

మొదట్లో ఆ కాగితం మీద ఏముండేది, వేయించడానికి చిన్న చేపలు, వాటిని పొర్లించడానికి రై పిండి, వెన్న, కొత్త బంగాళాదుంపలు, సోయికూర, బీరు, ఇంకో బీరు అని మైరె చేతిరాత. ఆరేళ్లు తిరిగేసరికి బీపీ మిషను, మోకాలి పట్టీ, జారకుండా స్నానాల గదిలో వేసే రబ్బరు చాప. నవ్వుకుంటూనే రాసేవాళ్లం, ముసలితనాన్ని కూడా సామాన్ల జాబితాలో వేసి మోసుకుపోవచ్చు అన్నట్టు. ఈ ఏడాది ఆ కాగితం వైపు చూస్తే నాకు ఒక్క వస్తువూ గుర్తు రావడం లేదు, దూరాలు గుర్తొస్తున్నాయి. పెద్ద రోడ్డు నుంచి ఆ సరస్సు ఇంటికి మట్టిదారి పదకొండు కిలోమీటర్లు. ఫోను సిగ్నల్ దొరికేది నీళ్లలోకి కట్టిన చెక్కవంతెన చివర ఒక్కచోటే, అదీ కుడిచెవికి పెట్టుకుంటేనే. పట్నం నుంచి అంబులెన్సు రావడానికి యాభై నిమిషాలు, ఎవరి తప్పూ లేదు, దారి అంత. మంచు కరిగి రెండు వారాలే అయింది, నీళ్లు ఇంకా నల్లగా ఉంటాయి, జూలైకి తేనెరంగుకి తిరుగుతాయి, ఆ నీళ్లలో నేను ఈత నేర్చుకున్నాను, మా అమ్మ అక్కడే తివాచీలు ఉతికింది, డెబ్బై ఏళ్లలో ఆ సరస్సు అంటే నాకు ఒక్కనాడూ భయం లేదు. ఇప్పుడు ఉంది. నిజం చెప్పాలంటే సరస్సు అంటే కాదు. సరస్సు ఏం చేసింది.

వాసన వస్తోంది, యాలకులు, ఇంకా పది నిమిషాలు. యాలకులు దంచుతుంటే తెర్తు ఎప్పుడూ పక్కన నిలబడి ఒకటి నోట్లో వేసుకునేది, బడిలో పిల్లల ముందు నోరు మంచి వాసన రావాలట, ఏం మాట్లాడేదని, నలుగురిలో నోట్లో నాలుక లేనిది అదే, పొద్దున ఏడింటికి నమస్కారం, మూడింటికి సెలవు, మధ్యలో కుండల మోత. మాకు దాంతో ఇబ్బందేమీ ఉండేది కాదు. మా వైపు మాట్లాడని మనిషిని ఎవరూ ఏమైందని అడగరు. మౌనంగా కూర్చున్నవాళ్లని కదిలిస్తే తలుపు కొట్టకుండా ఇంట్లోకి జొరబడినట్టు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడతాం, లిఫ్టులో ఎవరైనా ఉంటే మెట్లెక్కుతాం, చావు ఇంటికి పోతే కాఫీ తాగి వచ్చేస్తాం. మా నాన్న పోయినప్పుడు పక్కింటాయన మూడు రోజులు వచ్చి ఏమీ అనకుండా మా కట్టెలు కొట్టి పెట్టి వెళ్లాడు, అంతకు మించిన ఓదార్పు నాకు తెలియదు. మర్యాద అంటే అది అనే పెరిగాను. ఎదుటి మనిషిని వాళ్లకే వదిలేయడం. ఇంతకాలం ఆ మర్యాదకు నన్ను అందరూ మెచ్చుకున్నారు కూడా, హిల్కా పక్కనుంటే ఉన్నట్టే ఉండదు అని. ఉన్నట్టే ఉండదు.

పోయినేడు జూలై, గురువారం, సాయంత్రం ఐదు. సౌనా, అదే ఆవిరి స్నానాల గది, బాగా కాగింది, నేనే పొద్దున్నుంచి కట్టెలు వేశాను, నలుగురం పై మెట్టు మీద వరసగా కూర్చుని బర్చ్ చెట్టు రెమ్మలతో వీపులు కొట్టుకున్నాం, ఓర్వోకి కాగిన రాళ్ల మీద ఇంకో చెంబుడు నీళ్లు పోసి ఇక చాలు ఉడికిపోతాం అంది, ముగ్గురం నీళ్లలోకి పరిగెత్తాం, పరుగంటే మా పరుగు, బాతులు నడిచినట్టు. తెర్తు బట్టలు మార్చుకునే చిన్న గదిలో ఆగిపోయింది, వస్తాను వెళ్లండి అంది. ఆ మార్చిలోనే దాని మొగుడు పోయాడు, తైస్తో ఆయన పేరు. అంతకుముందు వేసవుల్లో వాళ్లాయన రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు, అది చెక్కవంతెన చివర కుడిచెవికి ఫోను పెట్టుకుని ఊ, ఊ, ఊ అని మూడు మాటలు మాట్లాడి వచ్చేది, అంత కాపురం. అందుకని అది ఆగిపోతే మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు, దాన్ని దానికి వదిలేశాం. ఈది వచ్చి, తువ్వాలు చుట్టుకుని, నేను సాసేజీలు కాల్చడానికి పళ్లెం పట్టుకుని ఆ గది పక్కనుంచే వెళ్లాను. కిటికీ ఉంది. చిన్నది, నాలుగు పలకలది. లోపల బెంచీ మీద తెర్తు గోడకు తల ఆనించి కూర్చుని ఉంది, ముఖం నావైపే, నోరు ఒక పక్కకి కొంచెం లాగినట్టు. నవ్వుతోంది అనుకున్నాను. పాత సంగతేదో తలుచుకుని నవ్వుకుంటోంది అనుకున్నాను. పళ్లెం ఒక చేతికి మార్చుకుని ఇంకో చెయ్యి ఎత్తాను. అది ఎత్తలేదు. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి, ఉన్నాయా, ఉన్నాయి, ఏడాదిగా ఈ ఒక్క ప్రశ్న నన్ను నేనే అడుగుతున్నాను, ఉన్నాయి. నేను తల దించుకుని, తప్పు చేసినదానిలా మెల్లగా, గడ్డి మీద అడుగుల చప్పుడు కూడా కాకుండా వెళ్లిపోయాను. అంత జాగ్రత్తగా వెళ్లాను. అంత మర్యాదగా.

నలభై నిమిషాలు. సాసేజీలు కాలాయి, ఆవాల ముద్ద సీసా మూత రాలేదు, మైరె దంతాలతో తీయబోయి ఓర్వోకి చేత తిట్లు తింది, దుంపలు ఉడికాయి, నేను రెండు బీర్లు తాగాను, ఇవన్నీ నిమిషం నిమిషం గుర్తున్నాయి, ఆకలై చివరికి ఓర్వోకి వెళ్లి తలుపు తీసింది. ఆవిడ అరుపు నేను ముప్పై ఒక్క ఏళ్లలో వినలేదు, వంటగదిలో నూనెకి మంట అంటుకున్నప్పుడు కూడా వినలేదు. తరవాత అంబులెన్సులో వచ్చిన అమ్మాయి కాగితం తీసి అడిగింది, ఈవిడ బాగా ఉండగా ఆఖరుసారి చూసింది ఎప్పుడు, ఎవరు అని. ఓర్వోకి అంది, అందరం కలిసి సౌనాలోంచి బయటికొచ్చాం, అప్పుడు. అమ్మాయి నావైపు చూసింది. అవును, అప్పుడే అన్నాను. అదీ అబద్ధం కాదు కదా, బాగా ఉండగా అనే కదా అడిగింది, నేను చూసేటప్పటికి అది బాగా లేదు. ఇలా ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో. తరవాత వారం ఆసుపత్రిలో డాక్టరు, పిల్లవాడు, మా బడిలో అన్నం తిన్నవాడే అయినా ఆశ్చర్యం లేదు, ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి మా ముఖాలు చూసి ఆపేశాడు. వాడూ మా వాడే. మర్యాదస్తుడు.

బన్నులు. తీశాను. ఒక వరస అడుగున కొంచెం మాడింది, పర్లేదు, తిప్పి పెడితే కనపడదు. ఇదే నా పని అయిపోయింది ఈ మధ్య, మాడినవైపు తిప్పి పెట్టడం. ఒంటి గంట ఇరవై ఐదు.

తెర్తుకి పక్షవాతంతో పడిపోయిన కుడి చెయ్యి, కుడి కాలు కొంచెం కొంచెంగా వచ్చాయి, కర్రతో నడుస్తుంది. మాటే పోయింది. మాట నేర్పే ఆవిడ బొమ్మల కార్డుల కట్ట ఒకటి ఇచ్చింది, కప్పు, కుక్క, బస్సు, చెప్పు, వర్షం, ఎవరైనా రోజూ కాసేపు కూర్చుని చేయించాలంది. బుధవారాలు నావి. నేనే అడిగి పుచ్చుకున్నాను, ఎంత మంచిదానివే హిల్కా అంది మైరె, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను, ఆ మెచ్చుకోలుకి రెండు రోజులు అన్నం సయించలేదు. నవంబరులో కప్పు వచ్చింది. కప్పు అంది, స్పష్టంగా, ఇద్దరం ఏడ్చాం, ఇంటికొస్తూ బస్టాపులో నాకు చలి పుట్టింది. కప్పు వస్తే బస్సు వస్తుంది, బస్సు వస్తే నువ్వు వస్తుంది, చూశావు వస్తుంది. ఒక్కొక్క మాట తిరిగొస్తోంది, నేనే చెయ్యి పట్టి తీసుకొస్తున్నాను, ఎప్పుడో ఒక బుధవారం దానికి సరిపడా మాటలు కూడుతాయి, ఆ రోజు ఆ మాటలన్నీ నా మీదికే వస్తాయి. తరవాతి వారం కార్డులు తిరగేస్తుంటే కిటికీ బొమ్మ వచ్చింది. ఎర్ర కర్టెను, పూలకుండీ, నాలుగు పలకలు. తీసి కోటు జేబులో వేసుకున్నాను. తెర్తు అప్పుడు కాఫీలో పాలు కలుపుకుంటోంది, చూడలేదు. ఇలాంటి పని నేను చేస్తానని ఎవరైనా చెబితే వాళ్లతో మాట్లాడటం మానేసేదాన్ని. డెబ్బై నాలుగేళ్ల ఆడదాన్ని, చర్చిలో కొవ్వొత్తులు సర్దేదాన్ని, అనారోగ్యంతో ఉన్న స్నేహితురాలి దగ్గర ఒక మాట దొంగిలించాను. చలికాలమంతా ఆ బుధవారాలకు నేను భయపడుతూ వెళ్లాను, భయపడుతూ వచ్చాను. ఒక్కసారీ మానలేదు. మానితే ఆ రోజే ఇంకెవరికైనా చెప్పేస్తుందేమోనని.

మార్చిలో దానంతటది మూడు మాటలు కూర్చింది, ఎవరూ కార్డు చూపలేదు. జూలై. నీళ్లు. మనం. ఓర్వోకి ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది, అప్పటి నుంచి తెర్తు ప్రాణమంతా ఆ వారం మీదే ఉంది, వాకిట్లో కర్ర లేకుండా ఎన్ని అడుగులేసిందో వేళ్లు చూపించి చెబుతుంది, ఈసారి నీళ్లదాకా నడవాలట. అక్కడికి తీసుకెళ్తే ఆ బెంచీ, ఆ గోడ, ఆ కిటికీ. అక్కడ దానికి కార్డులు అక్కర్లేదు. పోనీ అది ఏమీ అనకపోయినా, మళ్లీ అలాంటిదే వస్తే, దానికో, మైరెకో, నాకో, పదకొండు కిలోమీటర్ల మట్టిదారి అవతల. అందుకే రైమో. అందుకే నెలంతా.

ఫోను మోగింది, ఉలిక్కిపడి బన్ను చేతిలోంచి జార్చాను. ఓర్వోకి.

"ఏమే హిల్కా, యాలకులు దండిగా వేశావా? పోయినసారి డబ్బా వాసన చూపించి వదిలేసినట్టున్నావు."

"వేశాలే."

"తెర్తుని నేను కారులో తెస్తానన్నా, వద్దని తల అడ్డంగా ఊపింది. ఫోనులో తల ఊపుడు ఎట్లా వినపడిందని అడగకు, వినపడింది. బస్సులో ఒక్కతే వస్తుందట. మొండిఘటం."

"ఓర్వోకీ, ఈ ఏడాది..." అన్నాను. ఇదే మంచి సమయం, ఫోనులో అయితే నా చెయ్యి కనపడదు.

"ఈ ఏడాదేంటి? చూడు, జూలైకి తెర్తు రాకపోతే నేనూ రాను, ముందే చెప్తున్నా. ఏదైనా ఉంటే వచ్చాక మాట్లాడుకుందాం, మైరె కింద హారన్ కొట్టేస్తోంది."

పెట్టేసింది. అబద్ధం నోట్లోనే ఉండిపోయింది, నమలని ముద్దలా. ఒకటీ నలభై అయింది, తలుపు గంట మోగింది, ఓర్వోకి అప్పుడే ఎలా వస్తుంది, రాదు, బస్సు అయితే ఒకటీ ముప్పై అయిదుకి వస్తుంది. తలుపు అవతల కర్ర చప్పుడు. నేను కదలలేదు. నా ఇంట్లో నేను దాక్కోవడానికి చోటు వెతికాను, నిజంగా, బట్టల అలమారు వైపు చూశాను. రెండోసారి మోగింది.

తెర్తు మంచి కోటు వేసుకుంది, నీలంది, తైస్తో చావుకి వేసుకున్నది. లోపలికి వచ్చి, బూట్లు విప్పడానికి నా భుజం పట్టుకుని, బల్ల దగ్గరికి నడిచి, కాగితం చూసింది, నాలుగు కప్పులు చూసింది. కాఫీ పోయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. దాని కుడిచేతి బలం కూడా ఇప్పుడు ఎడమచేతికే వచ్చినట్టుంది.

"హిల్కా. నువ్వు..."

ఆగింది. నోరు వెతుక్కుంటోంది. మిగతా ఇద్దరూ రాకముందు రావాలని ముందు బస్సు ఎక్కిందని నాకు అప్పటికి అర్థమైంది. నా చెయ్యి వదిలి, వేలితో గాలిలో ఒక గీత గీసింది, అడ్డంగా, కిందికి, మళ్లీ అడ్డంగా, పైకి. మధ్యలో ఒక నిలువు, ఒక అడ్డం. నాలుగు పలకలు. నా వైపు చూసింది, కార్డు నేను పైకెత్తినప్పుడు చూసే చూపు, మాట అందించమని. ఓపికగా. ఆ మాట దాని దగ్గర లేదు, నా దగ్గర ఉంది. కాఫీ కుండ ఎక్కడ పెట్టానో తెలియలేదు. బన్నో, వర్షమో, ఇంకేదో ఒకటి చెప్పొచ్చు. తలుపు అనొచ్చు, బొమ్మ అనొచ్చు, అది నమ్ముతుంది, నేను నేర్పినవన్నీ నమ్మింది.

"కిటికీ," అన్నాను.

కళ్లు మూసుకుంది, ముల్లు తీసినట్టు. "కిటికీ. నువ్వు, కిటికీ. నేను... పిలిచా." గొంతు మీద చెయ్యి వేసుకుంది. "రాలేదు."

కూర్చున్నాను. కుర్చీ ఉందో లేదో చూసుకోలేదు, ఉంది కాబట్టి కూర్చున్నాను. ఏడాదిగా ఈ గంట ఎలా ఉంటుందో ఊహించుకున్నాను, అరుస్తుందని, ఓర్వోకి ముందు వేలు చూపిస్తుందని, ఊహల్లో ఎప్పుడూ నేను ఏదో ఒకటి చెప్పి బయటపడేదాన్ని.

"ఎందుకు?" అంది. ఆ మాట ఎక్కడా తడబడలేదు.

"నిన్ను కదిలించకూడదని," అన్నాను. "తైస్తో గుర్తొచ్చి కూర్చున్నావనుకున్నానే. నవ్వుతున్నావనుకున్నా."

నన్ను చూసింది. దాని ముఖం ఇప్పటికీ ఒక పక్కకి కొంచెం లాగినట్టే ఉంటుంది, కోపమో, నవ్వో, ఏదీ అనిపించదు, నాకు తెలియదు, తెలుసుకోవాలంటే అడగాలి, అడగడం మాకెవరికి వచ్చు. కొట్టినా బాగుండునని ఎదురుచూశాను. అది బల్ల మీద నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది.

"నేనైనా," అంది. మాట కోసం ఆగింది. "నేనైనా, అంతే."

క్షమించింది అనుకోవాలా. అనుకోలేకపోయాను, భయం వేసింది, ఇంతవరకు వేసిన భయాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నేనైనా అంతే. ఆ బెంచీ మీద నేను కూర్చుని ఉంటే, గొంతు రాక కళ్లతో పిలుస్తుంటే, తెర్తు ఆ కిటికీలోంచి చూసి, తల దించుకుని, గడ్డి మీద చప్పుడు కాకుండా వెళ్లిపోయేది. మైరె వెళ్లిపోయేది. ఓర్వోకి కూడా, ఎంత నోరున్నా, వెళ్లిపోయేది. తైస్తో మార్చిలో ఎలా పోయాడు, సోఫాలో, పేపరు ఒళ్లో పెట్టుకుని, తెర్తు పక్క గదిలో అల్లిక అల్లుతూ ఆయన్ని ఆయనకి వదిలేసి ఎంతసేపు కూర్చుందో మేమెవరం అడగలేదు. అడగలేదు కదా. దాని ముఖం చూస్తే ఇప్పుడు తెలిసింది, ఆ మాట ఎవరి గురించి అందో. నా ఒక్కదాని గురించే కాదు.

"జూలై?" అంది తెర్తు.

"ఖాళీగానే ఉందే ఇల్లు," అన్నాను. "ఎవరూ రావట్లేదు. మనమే."

కింద కారు ఆగింది, ఓర్వోకి మెట్ల మీద నుంచే ఎవరినో కసురుతోంది, మైరె అయి ఉంటుంది. నేను పెన్సిలు తీసుకుని కాగితం పైన, ఇంకా రాయని చేపలకు, దుంపలకు, రబ్బరు చాపకు ముందు, పెద్ద అక్షరాలతో రాశాను.

ఓర్వోకి కోటు విప్పకుండానే కాగితం లాక్కుని కళ్లజోడు పైకి తోసింది. "ఒకటి. ఎవరైనా పలక్కుండా కూర్చుంటే దగ్గరికెళ్లి పలకరించాలి. తిట్టినా సరే. నోటితో బదులు వచ్చేదాకా, రాకపోతే చేత్తో పట్టుకుని చూసేదాకా, అక్కణ్ణుంచి కదలకూడదు." తలెత్తింది. "ఇదేం రూలే హిల్కా? మనిషిని కాసేపు ప్రశాంతంగా కూర్చోనివ్వరా?"

"ఇవ్వం," అంది తెర్తు.

మైరె నవ్వింది. ఓర్వోకి నవ్వలేదు, తెర్తు ముఖం చూసి నా ముఖం చూసింది, ఉప్పు లేని కుండ దగ్గర నిలబడినప్పటి చూపే. ఏమీ అడగలేదు. అడగదు కూడా, నేను చెప్పకపోతే చచ్చేదాకా అడగదు.

"కూర్చోండి ఇద్దరూ," అన్నాను. "పోయినేడు తెర్తుని ఆ కిటికీలోంచి మీకంటే ముందు నేను చూశాను."